బాబాయి ఉపా కేసుల జైల్ల ఉన్నడు, బయట ఉన్నోళ్ళం ఏం చెయ్యాలె?

మానేరు_పిల్ల:

అందరికి నమస్తే. ఇసొంటిది ఇక్కడ అడగొచ్చో లేదో తెల్వదు గానీ ఇంకెక్కడ అడగాల్నో సమజ్ గాక రాస్తున్న. మా బాబాయి ప్రైవేట్ కాలేజీల లెక్చరర్, చాన ఏండ్ల సంది ఒక ప్రజాసంఘంల పని చేస్తున్నడు, పోడు భూముల గురించి సభలు పెడ్తడు, పత్రికలకు వ్యాసాలు రాస్తడు, పాటలు పాడ్తడు, అంతే. వానకాలం మొదట్ల తెల్లారకముందే వచ్చి ఇల్లంత సోదా చేసి తీస్కపోయిన్రు. ల్యాప్‌టాప్, ఫోన్లు, పుస్తకాలు, మా చెల్లె స్కూల్ ప్రాజెక్టు ఉన్న పెన్‌డ్రైవ్ సుత తీస్కపోయిన్రు. ఉపా పెట్టిన్రు, టెర్రరిజం, చట్టవ్యతిరేక పనులు అని పెట్టే గట్టి చట్టం అట. ఇప్పుడు సెంట్రల్ జైల్ల ఉన్నడు. మూడు నెల్లు దాటింది, చార్జిషీట్ ఇంకా వెయ్యలే, టైం పొడిగించుకున్నరు అని వకీల్ చెప్పిండు, గంతకంటె ఎక్కువ మాకు ఏం తెల్వది.

ముందుగాల్ల చుట్టాలందరు వచ్చిన్రు, సంఘపోళ్ళు వచ్చిన్రు, ప్రెస్ మీట్ పెట్టిన్రు, ఫోటో పేపర్ల వచ్చింది. ఇప్పుడు ఎవ్వలు వస్తలేరు. కొందరు ఫోన్ సుత ఎత్తుతలేరు, మా అత్తయితే మీ ఇంటికి వస్తే మా పేర్లు సుత రాస్కుంటరు అని మొకం మీదనే అన్నది. చిన్నమ్మ ఒక్కతే ములాకత్‌కు పోతది, పొద్దుగాల బస్సెక్కితే రాత్రికి వస్తది, వచ్చినంక ఎవ్వలతోని మాట్లాడదు. బాబాయికి షుగర్ ఉన్నది, లోపల గోళీలు సరిగ్గ ఇస్తున్నరో లేదో తెల్వదు, అడిగితే నవ్వుతడట, బాగనే ఉన్న అంటడట.

నేను డిగ్రీ చదువుతున్న. లేఖ రాయొచ్చా, రాస్తే నాకేమన్న అయితదా? పదిమందిమి కలిసి ఏదన్న చేస్తే లోపల ఉన్నోళ్ళకు నిజంగ పనికొచ్చేది ఏంది? ఇసొంటి కేసుల్ల తిరిగినోళ్ళు ఉంటే జర చెప్పున్రి. ఉత్త ధైర్యం మాటలు చాన విన్న, చేసే పని ఏందో చెప్పున్రి.

---

కోర్టు_మెట్లు:

అమ్మా, నేను వకీలునే, ఇలాంటి కేసులు కొన్ని చూశాను. మీ వకీలు ఉండగా నేను అడ్డం పడటం కాదు కానీ ఇంట్లోవాళ్ళు తెలుసుకుని ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి, ఎందుకంటే వకీలుకి నలభై కేసులుంటాయి, మీకు ఒక్కటే.

మొదటిది తేదీలు. ఆయన్ని మొదట రిమాండ్‌కి పంపిన తేదీ ఏంటో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. మామూలు కేసుల్లో చార్జిషీట్‌కి 60 లేదా 90 రోజులు, ఉపాలో 43డి సెక్షన్ కింద పబ్లిక్ ప్రాసిక్యూటర్ రిపోర్టు పెట్టి అడిగితే కోర్టు 180 రోజుల దాకా పొడిగించొచ్చు. ఆ పొడిగించిన ఆర్డర్ కాపీ తెచ్చుకోండి, ఈ రోజే. అందులో కారణాలు రాశారా, ఆ రోజు మీ బాబాయిని కోర్టు ముందు పెట్టారా, కనీసం వీడియోలోనైనా పెట్టి నీకు గడువు పొడిగిస్తున్నాం అని చెప్పారా, ఇవన్నీ చూడాలి, అలా హాజరుపరచకుండా పొడిగించడం చెల్లదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 180 రోజులు నిండి చార్జిషీట్ పడకపోతే బెయిల్ ఆయన హక్కు, కానీ ఆ హక్కు అడిగితేనే వస్తుంది, చార్జిషీట్ పడేలోపే పిటిషన్ వెయ్యాలి. మధ్యాహ్నం చార్జిషీట్ వేస్తే సాయంత్రం మీరేసిన పిటిషన్‌కి విలువ ఉండదు. అందుకని ఆ రోజు కోసం పిటిషన్ ముందే టైప్ చేయించి సిద్ధంగా ఉంచమని మీ వకీలుని అడగండి, అడిగితే తప్పుగా అనుకోరు.

చార్జిషీట్ పడిన తర్వాత కష్టమే, దాచను. ఆరోపణలు పైపైన చూస్తే నిజమనిపిస్తే చాలు బెయిల్ ఇవ్వకూడదు అని 43డి(5) అంటుంది, ఆ పైపైన చూడ్డం కూడా పోలీసులు పెట్టిన కాగితాల్లోనే చూడాలి. అయినా దారి మూసుకుపోలేదు, విచారణ ఇప్పట్లో అయ్యేలా లేకపోతే, మనిషి ఏళ్ళ తరబడి లోపలే ఉంటే రాజ్యాంగ కోర్టులు బెయిల్ ఇవ్వొచ్చని 2021లో నజీబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందరికీ అది దక్కట్లేదన్నది వేరే సంగతి.

ఇంకోటి మన దగ్గర చాలామంది దెబ్బతినేది పీటీ వారంట్ దగ్గర, అంటే ఒక కేసులో లోపలున్న మనిషిని ఇంకో కేసులో తెచ్చి హాజరుపరచమనే కాగితం. ఒక కేసులో బెయిల్ వచ్చి, ష్యూరిటీలు పెట్టి, పళ్ళు తీసుకుని జైలు గేటు దగ్గర నిలబడితే ఇంకో జిల్లా పోలీసులు ఇంకో పాత ఎఫ్ఐఆర్‌తో వచ్చి అక్కడే మళ్ళీ తీసుకుపోతారు. కాబట్టి ఆయన పేరు ఎక్కడెక్కడ ఏ ఎఫ్ఐఆర్‌లో ఉందో ఇప్పుడే తవ్వండి. ములుగు జిల్లా తాడ్వాయి కేసు గుర్తుందా, 2022లో పెట్టిన ఒక ఎఫ్ఐఆర్‌లో 152 మంది పేర్లు, అందులో పౌరహక్కుల కోసం పనిచేసే ప్రొఫెసర్ హరగోపాల్ గారి పేరు కూడా ఉందని లోకానికి తెలిసింది 2023 జూన్‌లో. అన్ని నెలలు ఆయనకే తెలియదు. గొడవ అయ్యాక ఆయన పేరు తీసేయమని ప్రభుత్వమే చెప్పింది.

షుగర్ గోళీల సంగతి నోటిమాటతో వదిలెయ్యొద్దు. పాత ప్రిస్క్రిప్షన్లు, రిపోర్టులు జత చేసి సూపరింటెండెంట్‌కి రాతపూర్వకంగా ఇచ్చి మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. వారంలో కదలకపోతే అదే కాపీతో ట్రయల్ కోర్టులో పిటిషన్. రేపు మెడికల్ బెయిల్ అడగాల్సి వస్తే ఈ ముద్రపడ్డ కాగితాలే మాట్లాడతాయి. ఫీజు కట్టలేని పరిస్థితి వస్తే, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టంలో ఉంది, 15100 కి ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి కలుపుతారు.

---

గోదారి_వదిన:

అమ్మాయ్, నీ పోస్టు చదివి మీ చిన్నమ్మ గురించే ఆలోచిస్తున్నాను. మా ఆయన్ని కూడా ఇలాగే తీసుకెళ్ళారు, చాలా కాలం లోపలున్నారు, తర్వాత కేసు కొట్టేశారు. ఆవిడ వచ్చాక ఎవరితోనూ మాట్లాడట్లేదన్నావు చూడు, నేనూ అంతే. ములాకత్ అంటే సినిమాల్లో చూపించినట్టు ఎదురెదురుగా కూర్చుని చేతులు పట్టుకోవడం కాదమ్మా, మధ్యలో జాలీ, అటు ఇటు పది కుటుంబాలు ఒకేసారి అరుస్తుంటాయి, పక్కావిడ పొలం తాకట్టు గురించి అరుస్తుంటే నువ్వు పిల్లాడికి జ్వరం తగ్గిందని అరవాలి, టైమైపోయిందని కేక వినపడేసరికి చెప్పాలనుకున్నవి సగం గొంతులోనే ఉండిపోతాయి. అలా రోజంతా ప్రయాణం చేసి, ఆ కాసేపు అరిచి ఇంటికొచ్చాక ఇంక మాటలేం మిగులుతాయి.

అందుకే మొదటి పని, ఆవిడ వెంట ఎవరో ఒకరు వెళ్ళండి. లోపలికి రానివ్వకపోయినా గేటు బయట చెట్టు కింద కూర్చోండి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పక్కన మనిషుంటే చాలు, మాట్లాడక్కర్లేదు. నాతో మా వీధి టైలర్ వచ్చేది, ఆవిడకి రాజకీయాలేం తెలీవు, మా ఆయన ఏ సంఘమో కూడా తెలీదు, ఒక్కదానివే ఎందుకు వెళ్తావు అని కుట్టుమిషన్ కట్టేసి వచ్చేది. వెళ్ళేముందు అడగాల్సినవి చీటీ మీద రాసుకోమను, లేదా అరచేతిలో రాసుకోమను, నేనలాగే చేసేదాన్ని. ఆధార్ జిరాక్సులు రెండు మూడు ఎప్పుడూ సంచిలో ఉండాలి. ఈ-ములాకత్ అని ఆన్‌లైన్‌లో వీడియోకాల్ కూడా ఉంది, ఆ జైల్లో నడుస్తోందేమో కనుక్కోండి, అదైనా మనిషి మొహం దగ్గరగా కనిపిస్తుంది. క్యాంటీన్‌లో సబ్బు, బిస్కెట్లు కొనుక్కోడానికి ఆయన పేరు మీద డబ్బులు కట్టించొచ్చు, ఎంతవరకు కట్టొచ్చో అక్కడి రూలు అడగండి. లోపల ఎవరూ రాని ఖైదీలకి కూడా ఆయన అందులోంచే పంచుతారు, అది తెలిసి కొంచెం ఎక్కువే కట్టండి.

ఉత్తరం రాయి తల్లీ, రాయి. ఉత్తరం రాయడం నేరం కాదు. చదివి గానీ ఇవ్వరు, అది గుర్తుపెట్టుకుని రాయి, కేసు గురించి ఒక్క ముక్క రాయొద్దు, ఎవరు వచ్చారు ఎవరు రాలేదు పేర్లు రాయొద్దు. ప్రతి ఉత్తరం పైన నంబరు, తేదీ వేస్తే మధ్యలో ఏది అందలేదో ఆయనకి తెలుస్తుంది. ఏం రాయాలి అంటావేమో, మా ఆయన బయటికొచ్చాక చెప్పారు, ఉద్యమ సందేశాలు పంపిన వాళ్ళందరికీ దండం పెడతాను గానీ నేను పదిసార్లు చదువుకున్నది మాత్రం మా మేనకోడలు రాసిన ఉత్తరం అని. అందులో ఏముందంటే పెరట్లో బీరపాదు పందిరెక్కిందని, కరెంటు పోతే మేడమీద పడుకున్నామని, లెక్కల మాస్టారు మారిపోయారని. లోపల రోజులన్నీ ఒకేలా ఉంటాయి, బయట కాలం కదులుతోందని చెప్పే మనిషి కావాలి. నువ్వు కాలేజీ గురించి రాయి, మానేరులో నీళ్ళొచ్చాయో లేదో రాయి.

ఇంకోటి, వాయిదా రోజున కోర్టుకి వెళ్ళండి. ఎస్కార్ట్ వ్యాన్‌లోంచి దింపి కోర్టు హాల్లోకి తీసుకెళ్ళే ఆ నాలుగడుగుల్లో మనవాళ్ళు నలుగురు నిలబడి కనిపిస్తే ఆయనకి ఎంత బలమో చెప్పలేను. కేకలు, నినాదాలు ఏం వద్దు. నిలబడటమే.

---

తూర్పు_కనుమ:

నాదో సందేహం, తప్పుగా అనుకోకండి. మా నాన్నగారు పోలీసు డిపార్ట్‌మెంట్‌లో చేశారు, మందుపాతరల్లో పోయిన ఆయన స్నేహితుల ఇళ్ళకి నేను చిన్నప్పుడు వెళ్ళాను, వాళ్ళ పిల్లలతో ఆడుకున్నాను. ఈ అమ్మాయి బాబాయి గురించి అనట్లేదు, ఆయన పాటలు పాడే మనిషే అయుండొచ్చు. కానీ రాజకీయ ఖైదీ అనగానే ఎవరైనా సరే వెనకేసుకు రావాలా? రెండోది, సెల్‌ఫోన్ దొంగతనం కేసులో ఏడాదిగా లోపలున్న పేదవాడికి కమిటీలు లేవు, ప్రెస్ మీట్లు లేవు. చదువుకున్నవాళ్ళు లోపలికెళితేనే జైళ్ళు గుర్తొస్తాయా? నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నాను.

---

ముషీరాబాద్_పాతకాపు:

బాబూ, మంచి ప్రశ్నలే అడిగావు, మీ నాన్నగారి స్నేహితుల పిల్లల బాధ చిన్నది కాదు. నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

రాజకీయ ఖైదీలనే మాట నక్సలైట్లతో మొదలవలేదు. మన తెలుగువాళ్ళలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1908లో స్వరాజ్య పత్రికలో రాసిన సంపాదకీయానికి రాజద్రోహం కింద జైలుకెళ్ళారు. జతిన్ దాస్ లాహోర్ జైల్లో రాజకీయ ఖైదీలని మనుషుల్లా చూడమని 63 రోజులు నిరాహారదీక్ష చేసి 1929 సెప్టెంబర్ 13న ప్రాణం వదిలాడు, అప్పటికి అతనికి పాతికేళ్ళు కూడా లేవు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ గుర్తింపు ఇవ్వడానికే ప్రభుత్వాలకి చేతులు రాలేదు, పశ్చిమ బెంగాల్ 1992 చట్టంలో మాత్రం పెట్టారు. ఇక మన భూమయ్య, కిష్టాగౌడ్. ఇద్దరూ ఆదిలాబాద్ రైతులు, ఎమర్జెన్సీలో 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఉరి తీశారు. ఉరి ఆపించడానికి కన్నబిరాన్ గారి లాంటి లాయర్లు ఎంత తిరిగారో ఆ తరం వాళ్ళం చూశాం.

వెనకేసుకు రావడం అంటే ఆ మనిషి నమ్మిన దారిని నెత్తిన పెట్టుకోవడం కాదు. పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్ గారినే తీసుకో. ఉద్యమాల హింస గురించి పౌరహక్కుల వాళ్ళు కూడా గట్టిగా ప్రశ్నించాలని ఆయన వాదించారు, ఆ చర్చలోనే పౌరహక్కుల సంఘం ఏపీసీఎల్‌సీ నుంచి బయటికొచ్చారు, 1998లో మానవ హక్కుల వేదిక పెట్టుకున్నారు. అలా అని ఎన్‌కౌంటర్ల మీద, లాకప్‌ల మీద ఆయన నిజనిర్ధారణలు ఆగాయా? 2009లో పోయేదాకా ఆగలేదు. రెండూ ఒకే మనిషి చెయ్యొచ్చు.

ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా దగ్గర బుర్కాపాల్ సంగతి చూడు. 2017 ఏప్రిల్‌లో మావోయిస్టుల దాడిలో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆదివాసుల్ని పట్టుకొచ్చి ఉపా పెట్టారు. అయిదేళ్ళ తర్వాత 2022 జూలైలో దంతెవాడ కోర్టు 121 మందిని నిర్దోషులని వదిలేసింది. అంటే ఆ అయిదేళ్ళు పోయినట్టే, అటు చనిపోయిన ఆ 25 మంది జవాన్ల ఇళ్ళకి న్యాయం జరిగిందా? అసలు చేసిందెవరో తేల్చలేదు, చెయ్యనివాళ్ళని జైల్లో పెట్టి కేసు మూసుకున్నారు. మీ నాన్నగారి స్నేహితుల తరఫున ఆలోచించినా ఇది అడగాల్సిన ప్రశ్నే.

ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా గారి గురించి రాయకపోతే నాకు మనసొప్పదు. అమలాపురం మనిషి, అయిదేళ్ళ వయసులో పోలియో, 90 శాతం వైకల్యం, ఢిల్లీలో ఇంగ్లీషు ప్రొఫెసర్. మావోయిస్టులతో సంబంధాలున్నాయని 2014 మేలో అరెస్టు, 2017లో యావజ్జీవం, నాగపూర్ జైల్లో అండా సెల్, అంటే గుడ్డు ఆకారంలో ఉండే ఒంటరి గది. వీల్‌చైర్ లేనిదే కదల్లేని మనిషికి ఆ సెల్లో ఒంటికి పోవాలన్నా ఇంకో ఖైదీ ఎత్తాలి. 2020 ఆగస్టులో తల్లి చనిపోతే చివరి చూపుకి పెరోల్ ఇవ్వలేదు. 2022 అక్టోబర్ 14న బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ ఆ శిక్ష కొట్టేసింది, ఉపాకి కావాల్సిన ప్రభుత్వ అనుమతే సరిగ్గా లేదని. మర్నాడు శనివారం సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని దాన్ని ఆపేసింది. మళ్ళీ 2024 మార్చి 5న రెండోసారి నిర్దోషి అన్నారు. బయటికొచ్చి ఏడు నెలలు, అక్టోబర్ 12న నిమ్స్‌లో పోయారు. ఆయనతో పాటు శిక్షపడ్డ పాండు నరోటె అనే ఆదివాసీ కుర్రాడు 2022 ఆగస్టులో జైల్లోనే జబ్బుచేసి చనిపోయాడు, నిర్దోషి అన్న మాట వినకుండానే. సాయిబాబా గారి కళ్ళు ఎల్‌వీ ప్రసాద్‌కి, శరీరం గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఇప్పుడు గాంధీ ఆస్పత్రి ఉన్నది ఒకప్పటి ముషీరాబాద్ జైలు స్థలంలోనే, భూమయ్యని, కిష్టాగౌడ్‌ని ఉరి తీసింది అక్కడే.

బయటివాళ్ళు అరిస్తే ఏమవుతుంది అంటారు కొందరు. 2020 జూలైలో కవి వరవరరావు గారు జైలు నుంచి ఇంటికి ఫోన్ చేసి పొంతన లేకుండా మాట్లాడితే ఇంట్లోవాళ్ళు మర్నాడే ప్రెస్ మీట్ పెట్టి చెప్పారు, దేశంలో ఎక్కడెక్కడివాళ్ళో రాశారు, అప్పుడు గానీ ఆస్పత్రికి మార్చలేదు, అక్కడ కోవిడ్ అని తేలింది. 2021 ఫిబ్రవరిలో హైకోర్టు వైద్య కారణాలతో బెయిల్ ఇచ్చింది, మరుసటేడు సుప్రీంకోర్టు దాన్ని శాశ్వతం చేసింది. ఆ ఫోన్ కాల్ తర్వాత ఇంట్లో గుట్టుగా ఏడ్చుకుని ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. జార్ఖండ్‌లో ఆదివాసుల మధ్య పనిచేసిన ఫాదర్ స్టాన్ స్వామి గారికి ఆ అదృష్టం లేదు. 83 ఏళ్ళ మనిషి, పార్కిన్సన్స్‌తో చేతులు వణికి గ్లాసు పట్టుకోలేక తాగడానికి స్ట్రా, సిప్పర్ అడిగితే జవాబు చెప్పడానికి దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ 20 రోజుల గడువు అడిగింది. జనం కోపంతో సిప్పర్లు కొని పోస్టులో పంపారు. 2021 జూలై 5న కస్టడీలోనే, ఆస్పత్రిలో పోయారు, బెయిల్ మీద వాదనలు ఇంకా నడుస్తుండగానే. నువ్వు అడిగిన రెండో ప్రశ్నకి ఆయన జీవితమే ఒక జవాబు బాబూ, జార్ఖండ్ జైళ్ళలో మగ్గే పేద ఆదివాసీ కుర్రాళ్ళ లెక్కలు తీసి కోర్టుకెక్కిన మనిషి ఆయన.

---

లా_సెకండియర్:

ఆ రెండో ప్రశ్న మీద నాకు చాలా ఉంది చెప్పడానికి, ఎందుకంటే నేను పారాలీగల్ వాలంటీర్‌గా, అంటే న్యాయ సహాయం అందేలా చూసే వాలంటీర్‌గా, మా జిల్లా జైలుకి వెళ్తుంటాను. దొంగతనం కేసు కుర్రాడికి కమిటీ లేదన్నది నూటికి నూరుపాళ్ళు నిజం, దానికి పరిష్కారం రాజకీయ ఖైదీలని వదిలెయ్యడం కాదు, అటు కూడా వెళ్ళడం. 2022 చివరికి జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో దేశంలో మొత్తం ఖైదీలు 5,73,220 మంది, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు, తప్పు చేశారో లేదో తేలలేదు. దళితులు, ఆదివాసీలు, ముస్లింలు జనాభాలో వాళ్ళ వాటా కన్నా జైళ్ళలో ఎక్కువ ఉన్నారు. ఇది చూశాక నాకు జైలు అంటే నేరస్తులుండే చోటు అని అనిపించడం మానేసింది, జామీను ఇచ్చే చుట్టం లేనివాళ్ళు ఉండే చోటు అనిపిస్తుంది.

నేను చూసిన ఒక అబ్బాయి, పేరు వద్దు, బైక్ దొంగతనం కేసు, బెయిల్ ఆర్డర్ వచ్చేసింది. ఇద్దరు ష్యూరిటీలు కావాలి అన్నారు, వాళ్ళది వలస కుటుంబం, ఇటుకబట్టీ నుంచి ఇటుకబట్టీకి తిరుగుతారు, ఇంటి పన్ను రసీదు ఎక్కడినుంచి తెస్తారు? బెయిల్ కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని లోపలే తిరుగుతున్నాడు, మడతల దగ్గర చిరిగిపోయింది కూడా. 1978లోనే మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, పేదవాడి మీద మోయలేని జామీను పెట్టొద్దు, ఈ జిల్లావాడే కావాలని పట్టుబట్టొద్దు అని చెప్పారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది, బెయిల్ వచ్చిన వారంలోపు విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థకి తెలియజేయాలి, నెలలోపు ష్యూరిటీ పెట్టలేకపోతే కోర్టు తనంతట తానే షరతు సడలించడం గురించి చూడొచ్చు అని. మేము ఆ అబ్బాయి తరఫున పిటిషన్ వేయిస్తే సొంత పూచీకత్తు మీద వదిలారు. దీనికి పెద్ద లాయర్ అక్కర్లేదు, జైలుకెళ్ళి ఎవరి జేబులో ఏ కాగితముందో అడిగే మనిషి కావాలి.

సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 479 సెక్షన్ ఉంది, అంతకుముందు ఏ కేసులోనూ శిక్షపడనివాళ్ళు ఆ నేరానికి ఉన్న గరిష్ట శిక్షలో మూడో వంతు రిమాండ్‌లోనే గడిపేస్తే విడిచిపెట్టాలి, మిగతావాళ్ళకి సగం. ఆ గడువు నిండగానే కోర్టుకి రాయాల్సిన బాధ్యత సూపరింటెండెంట్‌దే. కానీ ఉరి, యావజ్జీవం పడే సెక్షన్లకి వర్తించదు, ఒకటి కంటే ఎక్కువ కేసులుంటే కూడా కాదు. ఇక్కడే చూడండి, రాజకీయ ఖైదీలకి ఒకదాని మీద ఒకటి కేసులు పేర్చడం, పేద కుర్రాడి మీద స్టేషన్‌లో తేలని దొంగతనాలన్నీ రాసెయ్యడం, రెండూ ఒకే పద్ధతి, రెండిట్లోనూ ఈ సెక్షన్ పనిచెయ్యకుండా పోతుంది.

లోపల కూడా అంతే. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా చాలా రాష్ట్రాల జైలు మాన్యువల్స్‌లో ఫలానా కులంవాళ్ళు ఊడవాలి, ఫలానా వాళ్ళే వంట చెయ్యాలి అని అచ్చులోనే ఉంది. సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన కేసు అది. రిజిస్టర్లలో కులం కాలమ్ తీసెయ్యమన్నారు. కానీ కాలమ్ తీసేస్తే చీపురు ఎవరి చేతికిస్తున్నారో మారిపోతుందా, అది చూసేవాళ్ళుండాలి. చదువుకున్న రాజకీయ ఖైదీలు లోపలున్నప్పుడు మిగతావాళ్ళకి పిటిషన్లు రాసిపెడతారు, బ్యారక్‌లో అన్నం బాగాలేదని అడుగుతారు, అందుకే వాళ్ళని వేరే సెల్లో పెడతారు. నా ఉద్దేశం అడిగితే ఈ జైళ్ళు బాగుచేసే లెక్కలో లేవు, ఇంతమందిని లోపల వెయ్యడమే ఆపాలి, అది జరిగేదాకా ఒక్కొక్కళ్ళని బయటికి లాగుతూ ఉండాలి.

---

తూర్పు_కనుమ:

పెద్దాయనకి, జైలుకి వెళ్ళే లా స్టూడెంట్‌కి థ్యాంక్స్. అన్నిటితో ఏకీభవించలేను, జైళ్ళే వద్దంటే నాకు మనసు రాదు. కానీ బుర్కాపాల్ గురించి మీరన్న మాట మా నాన్నగారికి చదివి వినిపించాను, ఆయన చాలాసేపు ఏం అనలేదు, తర్వాత ఆ జవాన్ల కేసు మళ్ళీ దర్యాప్తు అయిందా అని అడిగారు. 479 గురించి ఇంకొంచెం వివరంగా రాస్తే మా ఊళ్ళో ఒక కుటుంబానికి పనికొస్తుంది, వేరే పోస్టు పెట్టండి.

---

న్యూజెర్సీ_నుంచి:

మాది నల్గొండ దగ్గర. ఇక్కడ నాలుగైదు కుటుంబాలం ఉన్నాం, ఈ చెల్లె వాళ్ళ లాంటి ఇండ్లకు పిల్లల ఫీజులకు ఏమన్నా పంపుదాం అనుకుంటున్నం, పంపితే వాళ్ళకే ఇబ్బంది అయితదేమో అని భయం. ఎట్ల చెయ్యాలె?

---

కోర్టు_మెట్లు:

అన్నా, భయం కాదు జాగ్రత్త కావాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందకి రాదు. సిటిజన్‌షిప్ మారినవాళ్ళు ఇక్కడి సంస్థకి పంపితే అది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని సంస్థ తీసుకోకూడదు, తీసుకుంటే ఆ సంస్థ మీద కేసు. ఉపా కేసు ఉన్న ఇంటికి నగదు మాత్రం ఎవరూ చేతికివ్వొద్దు, ఎక్కడిదని రేపు అడుగుతారు. నేరుగా స్కూల్‌కి, కాలేజీకి ఫీజు కట్టి రసీదు ఇంటికి పంపండి, అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి అదే. ఇక్కడ ఉన్నవాళ్ళు నెలనెలా కిరాణా కొట్లో ఖాతా పెట్టినా సరే.

---

మానేరు_పిల్ల:

అందరికి దండాలు. రెండు రోజుల సంది ఈ జవాబులే చదువుకుంట కూసున్న. చిన్నమ్మకు గోదారి వదిన రాసింది చదివి వినిపించిన, జాలీ కాడ అరుసుడు గురించి వచ్చేసరికి అవును గట్లనే ఉంటది అని మొదటిసారి నోరిప్పింది, శానాసేపు చెప్పింది. ఈసారి ములాకత్‌కు నేను, మా సీనియర్ అక్క ఇద్దరం వెంట పోతున్నం. రిమాండ్ తారీఖు గోడకు రాసిపెట్టిన, లెక్క చూస్తే 180 రోజులకు ఇంక మూడు నెల్లు సుత లేవు. గడువు పొడిగించిన ఆర్డర్ కాపీకి అప్లికేషన్ పెట్టినం. గోళీల గురించి రాసిచ్చినం, ముద్ర వెయ్యనంటే కూసున్నం, ఆఖరికి వేసిన్రు.

మా కాలేజీల కొందరు మేము సుత ఉత్తరాలు రాస్తం అంటున్నరు, బాబాయి ఒక్కనికే కాదు, అక్కడ ఎవ్వలు రానోళ్ళకు సుత. పేర్లు తెల్వకుంటె ఎట్ల రాయాలె? ఇంకోటి, వాయిదా తేదీ ఇక్కడ పెట్టొచ్చా, ఎవలన్న ఆ జిల్లాల ఉంటే వస్తరేమో అని.

---

గోదారి_వదిన:

పేర్లు మీ బాబాయినే అడగండి, ఉత్తరాలు రాని వాళ్ళెవరో ఆయనకే బాగా తెలుస్తుంది, ముందు వాళ్ళని అడిగి, సరే అన్నవాళ్ళకే రాయండి. తెలుగు చదవలేనివాళ్ళుంటారు, ఆయన చదివిపెడతారులే. పిల్లలు గీసిన బొమ్మలు కూడా పంపండి. చిన్నమ్మని అడిగానని చెప్పమ్మా.

---

కోర్టు_మెట్లు:

వాయిదా తేదీ, కేసు నంబరు, ఆయన పేరు ఏదీ ఇక్కడ పబ్లిక్‌గా పెట్టకండి, మీ పోస్టులో కాలేజీ వివరం ఉంటే అది కూడా తీసెయ్యండి. నాకు విడిగా మెసేజ్ చెయ్యండి, ఆ జిల్లా బార్‌లో నా స్నేహితులు ఇద్దరున్నారు, ఆ రోజు కోర్టు హాల్లో కూర్చుంటారు. 180 నిండే రోజు సెలవు పడుతుందేమో క్యాలెండర్ చూసుకోండి, పడితే మర్నాడు కోర్టు తెరిచే టైముకి మీ వకీలు పిటిషన్‌తో రిజిస్ట్రీ దగ్గరుండాలి, ఫైల్ చేసిన టైము కాగితం మీద పడేలా చూడమనండి.